పోర్ట్‌లిగాట్‌లో డాలీ ఇల్లు: ఆ కిటికీల కోసమైనా వెళ్లాలి

సాల్వడార్ డాలీ 1951లో చిత్రించిన శిలువ బొమ్మను చాలా ఏళ్ల కిందట ఒక అచ్చుప్రతిలో చూసినప్పుడు, పైనున్న క్రీస్తు కంటే అడుగున కనిపించే నిశ్చలమైన సముద్రపు నీళ్లూ, ఒడ్డున ఉన్న పడవా, జాలర్లూ నా మనసులో ఎక్కువగా నిలిచిపోయారు. స్పెయిన్‌లోని కాటలోనియా తీరంలో, కడకేస్ ఊరికి పక్కనే ఉన్న పోర్ట్‌లిగాట్‌లో ఆయన ఇంటి కిటికీ దగ్గర నిలబడితే ఎదురుగా అవే నీళ్లు కనిపించాయి. కలల చిత్రకారుడిగా పేరుపడిన మనిషి ఆ నేపథ్యాన్ని ఊహించి వేయలేదనీ, రోజూ కళ్లెదుట ఉన్నదాన్నే వేశాడనీ తెలిసిన ఆ ఒక్క క్షణంతో నా టికెట్టు డబ్బు గిట్టింది.

తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాక, 1930లో డాలీ ఇక్కడ జాలర్ల గుడిసె ఒకటి కొనుక్కున్నాడు. భార్య గాలాతో కలిసి పక్కనున్న గుడిసెలను ఒక్కొక్కటిగా కొని కలుపుకుంటూ సుమారు నలభై ఏళ్లపాటు ఇంటిని పెంచుకుంటూ వచ్చాడు. 1982లో గాలా మరణించాక ఆయన మళ్లీ ఇక్కడ కాపురం ఉండలేదు. 1997 నుంచి ఇది మ్యూజియం. గుడిసెలను అతికించి పెంచిన ఇల్లు కావడం వల్ల ఏ రెండు గదులూ ఒకే ఎత్తులో ఉండవు, దారులు ఇరుకు, మెట్లు ఎక్కువ. అందుకే సందర్శకులను చిన్న చిన్న బృందాలుగా, నిర్ణీత సమయానికి మాత్రమే లోపలికి పంపుతారు. ముందుగా టికెట్టు తీసుకోకుండా అంత దూరం వెళ్లవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకువెళ్లే ముందు ఆ మెట్ల సంగతి ఆలోచించుకోవాలి.

గుమ్మం దాటగానే మెడ నిండా హారాలు వేసుకుని, చేత్తో దీపం పట్టుకుని నిలబడి ఉన్న ధ్రువపు ఎలుగుబంటి అందరినీ ఆపేస్తుంది. అది గడ్డి కూరి నిలబెట్టిన నిజమైన జంతువే. దాని దగ్గరే ఫొటోలు తీసుకుంటూ సమయమంతా ఖర్చు చేయవద్దని నా మనవి, ఎందుకంటే అసలు చూడవలసినది డాలీ పనిచేసిన గది. అక్కడ పెద్ద కాన్వాసును బిగించే చట్రం నేలలోని సన్నని చీలికలోంచి కిందికి దిగుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. నిచ్చెన ఎక్కే పనిలేకుండా, కుర్చీలో కూర్చున్న చోటినుంచే ఎంత పెద్ద బొమ్మకైనా పైఅంచు మొదలు కింది అంచు దాకా రంగు వేయడానికి ఆయన చేసుకున్న ఏర్పాటు అది. అసంపూర్తిగా మిగిలిన బొమ్మలు, కుంచెలు అక్కడే ఉన్నాయి. వింత చేష్టలకు పేరుమోసిన మనిషి గంటల తరబడి కదలకుండా కూర్చుని పనిచేసేవాడని ఆ కుర్చీని, ఆ చీలికను చూస్తేనే నాకు నమ్మకం కుదిరింది.

కిటికీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక్కోటి ఒక్కో కొలతలో ఉంటుంది, కానీ గది మారినప్పుడల్లా అదే సముద్రపు పాయ కొత్త చట్రంలో కొత్త బొమ్మలా ఎదురవుతుంది. స్పెయిన్ ప్రధాన భూభాగానికి తూర్పు కొస అయిన కాప్ దె క్రెయుస్ ఇక్కడికి దగ్గరే. అందువల్ల దేశంలో అందరికంటే ముందు సూర్యోదయాన్ని తానే చూడాలన్న కోరికతో, పడకమీంచి లేవకుండానే తొలి కిరణం కనబడేలా డాలీ ఒక అద్దాన్ని ఏటవాలుగా పెట్టించుకున్నాడు. ఆ అద్దం ఇప్పటికీ అక్కడే ఉంది.

గ్రంథాలయంలో అల్మారాల పైన కూరిన హంసలు కనిపించినప్పుడు నాకు మన ఎయిర్ ఇండియా గుర్తొచ్చింది. ఆ సంస్థ కోసం 1967లో డాలీ ఒక యాష్‌ట్రే రూపొందించాడు, అందులోని హంసను తలకిందులు చేస్తే ఏనుగు తలలా ఉంటుంది. పారితోషికంగా ఏనుగు పిల్లను అడిగితే వాళ్లు నిజంగానే పంపించారు. ఈ ఇంట్లో ఆ కథ తెలిసి నడిస్తే హంసలు మరింత దగ్గరగా అనిపిస్తాయి.

లోపలి సందర్శన ముగిశాక బయటి ఈతకొలనును, ఇంటి పైకప్పుల మీది తెల్లటి గుడ్ల బొమ్మలను చూసి, ఆలివ్ తోటలోకి తప్పక వెళ్లండి. పడవ చెక్కలతో, ఇంటి పెంకులతో, పనికిరాని చెత్తతో నేల మీద పడుకోబెట్టినట్టు చేసిన క్రీస్తు రూపం అక్కడుంది. పక్కన నిలబడితే అదే నీళ్లు, ఒడ్డున కట్టేసిన పడవలు కనబడతాయి. నేను ఎక్కువసేపు గడిపింది అక్కడే.