చెప్పకుండా వదిలేసిన గుర్రం: లీచెస్‌లో ఏడేళ్ల అనుభవం

"అత్తా, ఇరవై రెండో ఎత్తులో నీ గుర్రాన్ని ఊరికే ఎందుకు ఇచ్చేశావు?"

రాజమహేంద్రవరం నుంచి మా అన్నయ్య కూతురు ఫోనులో అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి తనకు తొమ్మిదేళ్లు. అరగంట ముందే లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ వేదికలో నా మీద తొలిసారి గెలిచింది. గెలిచిన సంగతి ఇంట్లో అందరికీ చెప్పి, నాయనమ్మ చేత నోట్లో బెల్లం ముక్క పెట్టించుకుందట. ఆ తర్వాత, నేను నేర్పినట్టే, ఆట కింద ఉండే కంప్యూటర్ విశ్లేషణను తెరిచింది. అందులో ఆట నడకంతా ఒక గీతగా కనిపిస్తుంది. ఇరవై ఒక్క ఎత్తుల దాకా ఆ గీత నల్ల పావుల వైపు, అంటే నా వైపు, మెల్లగా ఒరుగుతూ వచ్చింది. ఇరవై రెండో ఎత్తు దగ్గర ఒక్కసారిగా గోడలా లేచి తెల్ల పావుల వైపు వెళ్లిపోయింది. పక్కనే రెండు ప్రశ్నార్థకాలు. లీచెస్‌లో ఆ గుర్తుకు ఘోరమైన తప్పు అని అర్థం.

నేను కావాలనే ఇచ్చానని తను కనిపెట్టేసింది. "నువ్వే నన్ను గెలిపించావు కదా" అని ఫోను వాళ్ల నాన్న చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మూడు వారాలు నాతో ఆడలేదు.

ఆన్‌లైన్ పోటీ ఆటల్లో కొత్తవారి మీద చెయ్యి తేలిక చేయాలా వద్దా అన్న ప్రశ్న నాకు ఆ మూడు వారాల్లో గట్టిగా తగిలింది. 2018 నుంచి లీచెస్‌లో చదరంగం ఆడుతున్నాను. దాదాపు ప్రతి రాత్రీ ఒకటో రెండో ఆటలు, సెలవు రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇక్కడ రాసేది ఆ వాడకం మీద ఆధారపడిన నా అభిప్రాయం. లీచెస్‌లోని సౌకర్యాలన్నిటినీ వరుసగా పరిచయం చేయను. కొత్తవారికి, వారితో ఆడేవారికి అది ఎలా పనికొస్తుందన్నదే చూస్తాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. తీబో డుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టిన చదరంగపు వేదిక ఇది. ఫ్రాన్స్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ విరాళాల మీద దీన్ని నడుపుతోంది. ప్రకటనలు లేవు, చందా కట్టినవారికి మాత్రమే తెరిచే తలుపులు లేవు. విశ్లేషణ, అభ్యాస సమస్యలు, పాఠాలు అన్నీ ఉచితం. విరాళం ఇచ్చినవారికి పేరు పక్కన ఒక చిన్న రెక్క గుర్తు వస్తుంది, అంతే. చదరంగం శిక్షణకు నెలనెలా డబ్బు కట్టలేని ఇంటి పిల్లలకు ఇది ఎంత పెద్ద అండో నేను కళ్లారా చూశాను.

ఇక రేటింగు, అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకె. అసలు విషయం దీనిలోనే ఉంది. లీచెస్ గ్లికో-2 అనే పద్ధతిని వాడుతుంది. కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది, అంకె పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. ఈ మనిషి బలం ఇంకా తేలలేదని దాని భావం. తేలేదాకా ఒక్కొక్క ఆటకూ రేటింగు పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. కొన్ని ఆటలు ఆడాక అంగలు చిన్నవవుతాయి, ప్రశ్నార్థకం పోతుంది. పావుల నడక నిన్ననే నేర్చుకున్నవారికి 1500 చాలా ఎక్కువ. అందుకే మొదటి పది పదిహేను ఆటలు చాలామందికి వరుస ఓటములే. నాకూ అంతే. మొదటి వారంలో నా అంకె వెయ్యి దగ్గరికి జారింది. జారిన తర్వాతే నాలాంటివారు ఎదురయ్యారు, అప్పటినుంచే ఆట రుచి తెలిసింది.

ఈ లెక్కలో జాలి ఏం చేస్తుందో చూడండి. రేటింగు ఆటలో బలమైనవారు కొత్తవారికి కావాలని ఓడిపోతే, కొత్తవారి అంకె పెద్ద అంగతో పైకి ఎగురుతుంది. మరుసటి ఆటలో వారికి తగిలే ప్రత్యర్థి తమకన్నా బాగా బలమైనవాడు. అతనికి ఈ జాలి సంగతి తెలియదు. ఆ తర్వాతివాడికీ తెలియదు. మనం ఒక సాయంత్రం పంచిన సంతోషానికి ఆ మనిషి ఎవరెవరి చేతుల్లోనో ఓడి మూల్యం చెల్లించాలి. రేటింగు ఆటలో కావాలని ఓడిపోవడం లీచెస్ నియమాలకు కూడా విరుద్ధం. ముఖ్యంగా తమ అంకెను కిందికి దించుకుని బలహీనులను కొట్టే మోసగాళ్లను అడ్డుకోవడానికి పెట్టిన నియమం అది. కానీ మంచి మనసుతో ఓడినా అంకెకు జరిగే నష్టం అదే కాబట్టి ఆ నియమం నాకు న్యాయంగానే తోస్తుంది.

నేను కొత్తగా ఉన్నప్పుడు నన్ను ఓడించినవారిలో ఇద్దరు బాగా గుర్తున్నారు.

మొదటి వ్యక్తి దగ్గర మంత్రి, రెండు ఏనుగులు మిగిలాయి. నాకు రాజు, మూడు బంట్లు. రెండెత్తుల్లో ఆటకట్టు అయ్యేది. ఆయన ఆటకట్టు చేయలేదు. నా బంట్లన్నీ చంపి, తన బంట్లను ఒక్కొక్కటీ చివరి గడికి నడిపించి, ఐదు మంత్రులను చేసుకున్నాడు. నా రాజుకు కదలడానికి ఒక్క గడి మాత్రం వదులుతూ వచ్చాడు. ఓటమి ఒప్పుకుని లేచిపోవచ్చన్న ఆలోచన అప్పటికి నాకు రాలేదు. ఆ రాత్రి ఫోను పక్కన పడేసి, మళ్లీ ఈ ఆట జోలికి పోకూడదనుకున్నాను.

రెండో మనిషి నన్ను పంతొమ్మిది ఎత్తుల్లో ఓడించాడు. ఎక్కడా ఆగలేదు, కనికరించలేదు. ఆట అయ్యాక సంభాషణ గడిలో ఒక వాక్యం రాశాడు: నువ్వు రాజును కోటలో పెట్టుకోకుండా అంచు బంట్లను నడిపావు, తొమ్మిదో ఎత్తు దగ్గర నుంచి చూద్దాం రా అని. ఇద్దరం ఒకే అధ్యయన పలక తెరిచి, అటూ ఇటూ పావులు కదుపుతూ గంటసేపు కూర్చున్నాం. ఏ దేశస్థుడో కూడా అడగలేదు. ఈ రోజుకీ కోట కట్టకుండా అంచు బంటు మీద చెయ్యి వేయబోతే ఆ వాక్యం గుర్తొస్తుంది.

ఆట మధ్యలో మాత్రం ఇద్దరూ నాకు ఏమీ వదిలిపెట్టలేదు. మొదటివాడు ఆట అయిపోయాక కూడా ఆడుతూనే ఉన్నాడు. రెండోవాడు ఆట అయిపోయాక నాతో కూర్చున్నాడు. కొత్తవారికి మనం చేయగల మేలు ఆ రెండో చోటే ఉందని నా నమ్మకం. అందుకే తెలియని కొత్తవారు తగిలితే నేను పూర్తి బలంతో ఆడతాను. గెలుపు చేతికొస్తే అతి తక్కువ ఎత్తుల్లో ముగిస్తాను. తర్వాత ఒక మాట రాస్తాను. జవాబు వస్తే కూర్చుంటాను. చాలామంది రాయరు, అది వారిష్టం.

ఒక్క విషయంలో నాకు చాలాకాలం తేలలేదు. మంత్రిని, శకటును ముందుకు తెచ్చి రాజు పక్క బంటు మీద కొట్టే నాలుగెత్తుల ఆటకట్టు మీకు తెలిసే ఉంటుంది. కొత్తవారి మీద అది తరచుగా పారుతుంది. వాడాలా వద్దా? వాడడం తప్పు కాదు, ఎవరైనా ఒకసారి దానికి బలి కావాల్సిందే. అయినా నేను మానేశాను, జాలితో కాదు. దాన్ని ఎదుర్కోవడం తెలిసినవారి ముందు మంత్రి అటూ ఇటూ పరుగులు పెట్టాలి, అది మంచి ఆట కాదు. కొత్తవారి ముందు కూడా నాకు తెలిసిన మంచి ఆటే ఆడాలనిపిస్తుంది.

అయితే బలాల మధ్య కొండంత తేడా ఉన్నప్పుడు, అదీ ఇంటి మనుషుల మధ్య, పూర్తి బలంతో ఆడితే అది ఆటే కాదు. పన్నెండు ఎత్తుల్లో ముగిసేదాన్ని రోజూ ఆడి ఎవరూ ఏమీ నేర్చుకోరు. దీనికి చదరంగంలో పాత మార్గం ఒకటుంది. బలమైనవారు ఆట మొదలుకాకముందే తమ పావును ఒకదాన్ని పలక మీద నుంచి తీసేస్తారు. 19వ శతాబ్దంలో యూరప్, అమెరికా క్లబ్బుల్లో ఇది మామూలు ఆచారం. ఒక బంటు తీసి మొదటి ఎత్తు ఎదుటివారికి ఇవ్వడం, గుర్రం తీయడం, ఏనుగు తీయడం, చివరికి మంత్రినే తీయడం అని మెట్లు ఉండేవి. పాల్ మార్ఫీ లాంటి మహా ఆటగాడు ఎందరితోనో ఇలాగే ఆడాడు. జపాన్‌లో నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో అనే పలక ఆటలో బలహీనులు ముందుగానే రెండు నుంచి తొమ్మిది రాళ్లు పలక మీద పెట్టుకోవడం ఇప్పటికీ ఉంది.

దీని గొప్పదనం ఏమిటంటే ఇచ్చేది ఇద్దరికీ కనిపిస్తుంది. గుర్రం లేదని ఇద్దరికీ తెలుసు. ఇక ఆ తర్వాత ప్రతి ఎత్తూ నిజం. గెలిస్తే గుర్రం ఎక్కువ పెట్టుకుని గెలిచారు, అదీ నిజమే. విశ్లేషణ తెరిచినా దాచినది ఏదీ బయటపడదు.

లీచెస్‌లో ఇది చేయడం తేలిక. స్నేహితులకు సవాలు పంపేటప్పుడు మామూలు చదరంగం బదులు ఇష్టమైన అమరిక నుంచి మొదలుపెట్టే రకాన్ని ఎంచుకుని, పలక దిద్దే చోట గుర్రాన్ని తీసేస్తే సరి. ఇలాంటి ఆటలు రేటింగులో కలవవు కాబట్టి ఎవరి అంకె మీదా దెబ్బ పడదు. ఈ పాత ఆచారం ఈమధ్య కొత్తగా ప్రాణం పోసుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. లీలా చెస్ జీరో అనే చదరంగపు కంప్యూటర్ ప్రోగ్రాముకు గుర్రం లేకుండా, మంత్రి లేకుండా ఆడడం ప్రత్యేకంగా నేర్పి లీచెస్‌లో నిలబెట్టారు. నేను మంత్రి లేని లీలాతో ఆడి ఓడిపోయాను, ఒకసారి కాదు. ఒక పావు వదిలాక కూడా ఎంత నిజాయితీగా, ఎంత పట్టుదలగా పోరాడవచ్చో అక్కడ చూశాను.

సమయం ఇవ్వడం మరో నిజాయితీ గల మార్గం. ఆట నడుస్తుండగా ఒక మీట నొక్కితే ఎదుటివారి గడియారంలో 15 సెకన్లు కలుస్తాయి. కొత్తవారు మంచి స్థితిలో ఉండి కూడా గడియారం వల్ల ఓడిపోతుంటే నేను ఇది రెండు మూడుసార్లు నొక్కుతాను. నొక్కింది వారికి కనిపిస్తుంది, ఎత్తులు మాత్రం వారివే. అసలు కొత్తవారు మూడు నిమిషాల ఆటల్లోకి దిగకూడదనే చెబుతాను. పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల చేర్పు ఉన్న ఆట వారికి సరైనది. ఎత్తు వెనక్కి తీసుకునే అభ్యర్థన కూడా ఉంది, దాన్ని రేటింగు లేని ఆటలకే పరిమితం చేసుకునే వీలుంది. వేలు జారి పక్క గడిలో పడిన పావును వెనక్కి తీసుకోనిస్తాను. ఆలోచన జారితే తీసుకోనివ్వను. ఆ తేడా ముందే చెబుతాను.

తోడుగా ఆడేవారు ఎవరూ లేని కొత్తవారికి మైయా బాట్లను, అంటే లీచెస్‌లో మనతో ఆడే మైయా అనే కంప్యూటర్ ప్రోగ్రాములను, గట్టిగా సిఫారసు చేస్తాను. బలం తగ్గించిన కంప్యూటర్ ప్రోగ్రాములు సాధారణంగా వరుసగా మంచి ఎత్తులు వేసి హఠాత్తుగా ఒక పావును పారేసుకుంటాయి. నేను ఇరవై రెండో ఎత్తులో చేసిన పని అవి ప్రతి ఆటలోనూ చేస్తాయి. మైయా అలా కాదు. లీచెస్‌లో మనుషులు ఆడిన లక్షలాది ఆటల నుంచి, ఫలానా రేటింగున్న మనిషి ఈ స్థితిలో ఏ ఎత్తు వేస్తాడో ఊహించడం నేర్చుకుంది. 1100 రేటింగు మనుషుల ఆటలతో తయారైన మైయా1 చేసే తప్పులు మనుషుల తప్పులు. వాటిని పట్టుకోవడం నేర్చుకుంటే మనుషుల మీద కూడా పనికొస్తుంది.

మా మేనకోడలి దగ్గరికి మళ్లీ వస్తాను. మూడు వారాల తర్వాత నేనే ఫోను చేసి, తప్పు చేశానని చెప్పాను. "ఇకమీదట ఇచ్చేది ఏదైనా ఆట మొదలుకాకముందే చెప్పి ఇస్తాను" అన్నాను. తను కాసేపు ఆలోచించి, "అయితే ఒక ఏనుగు, ఒక గుర్రం తీసెయ్యి" అంది. అక్కడి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఆడుతున్నాం. మూడు ఆటలు వరుసగా గెలిస్తే ఒక మెట్టు ఎక్కాలని ఇద్దరం రాసుకున్నాం. ఏనుగు నాలుగు నెలల్లో నా పలక మీదికి తిరిగొచ్చింది. గుర్రం రావడానికి ఏడాది పైనే పట్టింది.

2025 జులైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్ జరిగినప్పుడు తను మా ఇంట్లోనే ఉంది. కోనేరు హంపికి 38 ఏళ్లు, దివ్యా దేశ్‌ముఖ్‌కు 19. ఎక్కువ సమయం ఉండే రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాక, తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ ఆటల్లో దివ్య గెలిచి, కప్పుతో పాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా అందుకుంది. మా పిల్ల హంపి అభిమాని. కళ్లు తుడుచుకుంటూనే చివరి ఆటను పలక మీద మొదటి నుంచి వేసుకుంది. హంపి ఎక్కడ తప్పు చేసిందో వెతుకుతూ వెతుకుతూ, "అత్తా, ఆవిడ మాత్రం ఏదీ ఊరికే ఇవ్వలేదు" అంది.

ఇప్పుడు పూర్తి పావులతో ఆడుతున్నాం. లెక్క రాసుకునే పుస్తకంలో నావి ముప్ఫై ఎనిమిది గెలుపులు, తనవి రెండు, డ్రాలు ఐదు. ఆ రెండు ఆటలనూ తను విశ్లేషణలో ఒక్కొక్క ఎత్తూ నడిపి చూసింది. రెండో ఆటలో, ముప్ఫై ఒకటో ఎత్తు దగ్గర, నా పేరు పక్కన మళ్లీ రెండు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఫోను చేసి ఒకే మాట అడిగింది: "ఇది నిజం తప్పేనా?"

నిజం తప్పే. శకటు దారిలో నా ఏనుగు ఉన్న సంగతి చూసుకోలేదు. అలాగే చెప్పాను.