మాలా-ఎన్, ఛాయ: మా వదినకి ఏది?

పర్లాకిమిడిలో మా వదిన ముందు ఆశా కార్యకర్త రెండు రకాల గర్భనిరోధక మాత్రలు పెట్టింది, మాలా-ఎన్, ఛాయ. ప్రభుత్వ ఆసుపత్రిలో రెండూ ఉచితమే.

మాలా-ఎన్ రోజూ వేసుకోవాలి. షీటులో 28 ఉంటాయి: 21 హార్మోన్‌వి, చివరి 7 ఐరన్‌వి. నెలసరి లెక్కగా వస్తుంది, అదే దీని సుఖం. పేచీ అంతా ఇందులో ఉండే ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌తోనే. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, కొందరికి బీపీని కూడా. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల పిల్లకి ఆ ముప్పు చాలా తక్కువ. కానీ వదినకి 38. మొన్న చూస్తే బీపీ 150/96. పైగా అడ్డపొగ! నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం వాళ్ల అత్తగారి దగ్గర నేర్చింది. 35 దాటాక పొగతాగేవాళ్లు ఈ మాత్ర వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం భయం బాగా పెరుగుతుంది.

ఛాయలో ఈస్ట్రోజన్ లేదు. సెంట్‌క్రోమాన్ అనే మందు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐలో తయారైంది. మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటే. నెలసరి ఆలస్యం కావచ్చు, వదిన టెన్షన్ దానికే.

నా ఓటు ఛాయకే, అదీ డాక్టరమ్మ చూసి సరేనన్నాకే. చుట్ట మాట ఎత్తితే మాత్రం వదిన లేచి పెరట్లోకి వెళ్లిపోతోంది.