కార్న్‌వాల్ పూర్వీకుల్ని వెతకడానికి: ఓపీసీ డేటాబేస్, క్రెసెన్ కెర్నో ఆర్కైవ్ గురించి నా మాట

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో పూర్వీకుల్ని వెతకాలనుకుంటే, ఏ వెబ్‌సైట్‌కైనా సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు కార్న్‌వాల్ ఆన్‌లైన్ ప్యారిష్ క్లర్క్స్ డేటాబేస్ చూడండి. అందరూ ఓపీసీ అంటారు. ఒక్క పెన్నీ అడగరు. నేను ఇక్కడి ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మా అత్తగారి పుట్టింటివాళ్లు రెడ్‌రూత్ దగ్గర గ్వెనాప్ వైపువాళ్లు. వాళ్ల ముత్తాతల్లో జాన్ అనే ఆయన రాగి గనిలో పనిచేశాడన్న మాట తప్ప ఆవిడకి ఇంకేమీ తెలియదు. ఇంటిపేరు ఆవిడది కాబట్టి ఇక్కడ రాయను.

ఓపీసీని నడిపేది వాలంటీర్లు. తమ వంతుకొచ్చిన ప్యారిష్‌ల (ప్యారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, పెళ్లి ప్రకటనలు పాత రిజిస్టర్ల నుంచి చదివి ఎక్కించారు. పాత చేతిరాత చదవడం ఎంత కష్టమో ఒక్క పేజీ చూస్తే తెలుస్తుంది. పనిగట్టుకుని ఇంత చేసిపెట్టినవాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నాకు అన్నిటికంటే పనికొచ్చింది తల్లిదండ్రుల పేర్లతో వెతికే సౌకర్యం. తండ్రి విలియం, తల్లి గ్రేస్ అని ఇచ్చి, ఆ ఇంటిపేరు పెడితే పిల్లలందరూ వరుసగా వచ్చేస్తారు. రెండేళ్లకొకరు, మూడేళ్లకొకరు. మధ్యలో పెద్ద ఖాళీ కనబడితే పక్క ప్యారిష్‌లో చూడాలి.

మా జాన్ సంగతే చెబుతాను. డబ్బు కట్టిన ఒక సైట్‌లో జనం తయారుచేసిన వంశవృక్షాలన్నీ ఆయన్ని 1819లో గ్వెనాప్‌లో బాప్తిస్మం పొందిన బిడ్డకి అంటగట్టాయి. ఒకరు పెట్టింది చూసి ఇంకొకరు కాపీ కొట్టుకుంటూ పోయారు. నాకు నమ్మకం కుదరక ఓపీసీలో సమాధుల జాబితా తీశాను. అదే పేరు, అదే ఊరు, వయసు రెండేళ్లు, 1821. రెండేళ్లకే పోయిన పిల్లాడు 1843లో పెళ్లి ఎలా చేసుకుంటాడు? పెళ్లి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు విలియం అని, వృత్తి మైనర్ (గని కార్మికుడు) అని ఉంది. ఆ పేరుతో చుట్టుపక్కల ప్యారిష్‌లు గాలిస్తే స్టిథియన్స్‌లో మా జాన్ దొరికాడు. 1851 జనాభా లెక్కల్లో పుట్టిన ఊరు కూడా రాస్తారు. అందులోనూ స్టిథియన్స్ అనే ఉంది. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

అందుకే బాప్తిస్మం దొరకగానే సంబరపడకుండా, ఆ పేరుతో సమాధి కూడా ఉందేమో చూడమని అందరికీ చెబుతాను. చనిపోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టడం అప్పట్లో మామూలు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు జాన్‌లు కనిపిస్తారు.

ఏ కాలానికి ఎంత వివరం దొరుకుతుందో ముందే తెలిసుంటే టెన్షన్ ఉండదు. చర్చిలు రిజిస్టర్లు రాయాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చింది 1538లో. కానీ అప్పటినుంచీ నిలిచినవి కొన్ని ప్యారిష్‌లకే ఉన్నాయి. 1754 నుంచి పెళ్లి రిజిస్టర్లో వధూవరుల సంతకాలు, సాక్షులు ఉంటారు. రాయడం రానివాళ్లు గుర్తు పెట్టేవారు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం, సమాధిలో వయసు ఉంటాయి. ఆ వయసు గడే నాకు దారి చూపించింది. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ మొదలైంది. ఇక 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. జనవరి, ఫిబ్రవరి తేదీలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

గనుల ప్రాంతాల్లో మెథడిస్టులు ఎక్కువ. ఆ క్రైస్తవ శాఖని మొదలుపెట్టిన జాన్ వెస్లీ, ఆరుబయట గుంతలా ఉండే గ్వెనాప్ పిట్‌లో ఎన్నోసార్లు ప్రసంగించాడు. అందువల్ల పిల్లల బాప్తిస్మం చర్చి రిజిస్టర్లో కాకుండా మెథడిస్టు సర్క్యూట్ (కొన్ని ప్రార్థనా మందిరాలు కలిసిన గుంపు) రిజిస్టర్లో ఉండొచ్చు. సెయింట్ డే, లానర్ కూడా 19వ శతాబ్దంలో గ్వెనాప్ నుంచి విడిపోయి వేరే ప్యారిష్‌లయ్యాయి. ఇల్లు మారకపోయినా రిజిస్టర్ మారిపోతుందన్నమాట.

ఓపీసీలో ఉన్నది ఎత్తి రాసిన సమాచారం. అన్ని ప్యారిష్‌లు, అన్ని సంవత్సరాలు పూర్తి కాలేదు. ఇంటిపేర్లు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసినవి. పాస్కో లాంటి మామూలు పేరు కూడా ఇంగ్లిష్‌లో చివర e అక్షరం ఉండి, లేకుండా, w తో రకరకాలుగా ఉంటుంది. కాబట్టి అసలు పేజీ చూడాల్సిందే. అందుకు రెడ్‌రూత్‌లోని క్రెసెన్ కెర్నోకి వెళ్లాలి. పాత బ్రూవరీని బాగుచేసి 2019లో తెరిచిన ఆర్కైవ్ ఇది. ప్రవేశం ఉచితం. కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉంది. కావలసినవి, టైమింగ్స్ ముందే చూసుకుని వెళ్లండి. పెన్ను తీసుకెళ్లకండి, పెన్సిలే వాడాలి. రిజిస్టర్లు ఎక్కువగా మైక్రోఫిష్ (పేజీల్ని చిన్న బొమ్మలుగా తీసిన ఫిల్మ్ షీట్) మీద చూస్తాం. మిషన్ తిప్పడం రాకపోతే అక్కడి సిబ్బంది ఓపికగా నేర్పిస్తారు. నాకు చాలా నచ్చింది.

1813 తర్వాతి బాప్తిస్మం పేజీకి ఎనిమిది ఎంట్రీలు. నేను చూసిన పేజీలో దాదాపు అందరి తండ్రుల వృత్తీ మైనరే. అదే మాట కిందికి కిందికి. జాన్ పెళ్లి పేజీలో ఆయన సంతకం ఉంది, పెళ్లికూతురిది మాత్రం గుర్తే. మా అత్తగారు ఆ సంతకంలో జే అక్షరం చూసి తన తమ్ముడి రాత కూడా ఇలాగే ఉంటుందన్నారు. జాబితాలో ఇది ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్యారిష్ రిజిస్టర్ పోయినా, చిరిగినా, ఏటా బిషప్‌కి పంపిన నకళ్లు ఉండొచ్చు. 1876లో ట్రూరో డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడేదాకా కార్న్‌వాల్ ఎక్సెటర్ బిషప్ కిందే ఉండేది. కాబట్టి ఆ నకళ్ల కోసం ఎక్సెటర్ ఉన్న పక్క కౌంటీ డెవన్ వైపు కూడా అడగాలి.

జాన్ తమ్ముడు మాత్రం 1861 జనాభా లెక్కల తర్వాత ప్యారిష్ నుంచే మాయమయ్యాడు. 1866లో రాగి ధర కుప్పకూలాక గని కార్మికులు వేల సంఖ్యలో వెళ్లిపోయారు. దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా, మెక్సికోలో రియల్ డెల్ మోంటే, ఇంకా చాలా చోట్లకి. తర్వాత కోలార్ బంగారు గనులకి కూడా కార్న్‌వాల్ మైనర్లు వచ్చారు. ఇలా వెళ్లినవాళ్ల కోసం ఓపీసీలో, క్రెసెన్ కెర్నోలో గంటలు గంటలు కూర్చోవద్దు. ఆస్ట్రేలియా అయితే అక్కడి రాష్ట్ర రిజిస్ట్రేషన్ సూచికలు చూడాలి. కోలార్ అయితే లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో చర్చిలు పంపిన బాప్తిస్మ, పెళ్లి, సమాధి పత్రాలు వెతకాలి.