ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైటు: 'డీస్టేబిలైజ్' దగ్గర పరీక్షిస్తే

ఇంగ్లీషు నిఘంటువు నాణ్యత తెలియాలంటే అర్థం తెలిసినట్టే ఉండి వాక్యంలో పెట్టేసరికి జారిపోయే మాట ఒకటి వెతకాలి. డీస్టేబిలైజ్ (destabilize, అంటే అస్థిరపరచడం) అలాంటిదే. ఈ ఉచిత సైటు అక్కడ చాలావరకు గట్టిగానే నిలిచింది.

మెచ్చుకోవలసింది అర్థానికి ముందు బొద్దు అక్షరాల్లో ఉండే చిన్న నమూనా: 'డీస్టేబిలైజ్ సమ్‌థింగ్'. చాలామంది దాన్ని దాటేసి అర్థానికి వెళ్లిపోతారు. అసలు కీలకం అక్కడే ఉంది. ఇది సకర్మక క్రియ, దేన్ని అన్నది చెప్పి తీరాలి. తెలుగులో అస్థిరపడటం వేరు, అస్థిరపరచడం వేరు. మనవాళ్లు ఈ మాటను మొదటిదానికి వాడేసి 'ద గవర్నమెంట్ డీస్టేబిలైజ్డ్' అని రాస్తుంటారు. అక్కడ 'బికేమ్ అన్‌స్టేబుల్' అనాలి.

స్పీకర్ బొమ్మ నొక్కి బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినండి. ఊనిక 'స్టే' మీద పడుతుంది. 'స్టెబి' అని పొట్టిగా పలకడం తప్పు. స్పెల్లింగులో జెడ్ అయినా ఎస్ అయినా సరే, ఒక వ్యాసంలో ఒకటే ఉంచండి.

లోటు ఉదాహరణల్లో ఉంది. ప్రభుత్వం, షేర్ మార్కెట్ దగ్గరే ఆగిపోయాయి. కొండవాలు అడుగున మట్టి తవ్వితే వాలు పట్టు తప్పుతుంది, ఇంజనీర్లు దానికీ ఇదే క్రియ వాడతారు. నిచ్చెన ఊగితే మాత్రం 'వాబుల్' చాలు. మనిషి మనసు కలత పడితే 'అన్‌సెటిల్', 'అప్‌సెట్' సహజంగా ఉంటాయి.

'టాపుల్'తో తేడా కూడా పక్కనే చెప్పి ఉంటే ఎంతో మేలు. డీస్టేబిలైజ్ అంటే పునాది కదిలించడం, టాపుల్ అంటే కూల్చేయడం. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తొలగించిన సంగతి రాసేటప్పుడు 'డిస్మిస్' అనాలి. అంతకుముందు ఎమ్మెల్యేలను చీల్చే ప్రయత్నాలకైతే డీస్టేబిలైజ్ అతుకుతుంది.

తెలుగు మాట కావాలంటే ఈ సైటులో దొరకదు. ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరవండి, బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. అక్కడ దొరికిన తెలుగు మాటను వాడేముందు అది కూడా కర్మ అడుగుతుందో లేదో ఆక్స్‌ఫర్డ్ పేజీలోని నమూనాతో పోల్చి సరిచూసుకోండి.