ఎనిమిదేళ్ళు బైండు సంపుటాలే కొన్నాక

ఆత్మలూ జ్యోతిషాల మీద ఒకప్పుడు ఇంగ్లండులో వచ్చిన మాసపత్రిక ది అకల్ట్ రివ్యూ పాత సంచికలు పోగుచేయడం మొదలుపెట్టిన కొత్తలో, విడి సంచికల జోలికి పోకండి, ఆరు నెలలవి కలిపి కుట్టిన బైండు సంపుటాలే తీసుకోండి అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది నేనే. ఎనిమిదేళ్ళయింది. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, మరీ అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది.

నా ఏడుపంతా ప్రకటనల పేజీల గురించే. అప్పట్లో బైండు చేసేవాళ్ళు అట్టలూ ప్రకటనలూ పీకేసి వ్యాసాలు మాత్రమే కుట్టడం మామూలే. నా సంపుటాల్లో జనవరి నుంచి జూన్ దాకా పేజీ నంబర్లు ఒకే వరసలో పోతాయి, మధ్యలో ఒక్క అంకె కూడా తప్పదు, కాబట్టి ఏదో పోయిందన్న అనుమానమే రాదు. నాకు మూడేళ్ళు రాలేదు.

ఒకసారి వేరేవాటితో కలిపి కట్టగా కొంటే, నా దగ్గర బైండులో ఉన్న నెలదే విడి సంచిక ఒకటి వచ్చింది. డూప్లికేటే కదా అని పక్కన పడేశాను. ఒక రాత్రి నిద్రపట్టక రెండిటినీ పక్కపక్కన పెట్టి తిప్పితే, విడిదాంట్లో ముందూ వెనకా నేనెప్పుడూ చూడని పేజీలు! స్ఫటిక గోళాలు అమ్మేవాళ్ళు, పుట్టిన తేదీ రాసి పంపితే పోస్టులో జాతకం పంపుతామనేవాళ్ళు, అందరూ చిన్న అచ్చులో ఒకరినొకరు తోసుకుంటూ. ఒక జ్యోతిష్కుడి ప్రకటన పక్కన ఎవరో పెన్సిల్‌తో టిక్కు కొట్టుకున్నారు. డబ్బు పంపారో లేదో పాపం. ఆత్మల మీద పదిహేను పేజీల వ్యాసం కంటే ఆ టిక్కే నాకు ఎక్కువ చెప్పింది. అసలు కంటే కొసరు ముద్దంటే ఇదే. బైండు తెరిచి లోతుగా చూస్తే కుట్టు దగ్గర సన్నగా కత్తిరించిన కాగితం అంచులు, రెండు తుప్పు మచ్చలు. అంతే మిగిలింది.

అన్నిటికంటే కడుపు మండించేది 1909 రెండో సగం సంపుటం. ఆ డిసెంబరు సంచికలోనే మర్మవిద్యల రచయిత ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ టారో అనే జోస్యం పేకముక్కల మీద వ్యాసం రాశాడు, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీసిన పేకా అప్పుడే వచ్చింది, పేక వేసిన రైడర్ కంపెనీదే ఈ పత్రిక కూడా. సొంత పత్రికలో సొంత సరుకును ఎలా అమ్ముకున్నారో చూద్దామంటే, నా ప్రతిలో వ్యాసం ఉంది, అట్టలు లేవు.

అలాగని బైండర్లందరినీ తిట్టలేను. ఇంకో ఏడాది సంపుటంలో ఎవరో పుణ్యాత్ముడు ఆరు అట్టలూ ప్రకటనలతో సహా చివర్న వరసగా కుట్టి పెట్టాడు. అమ్మినవాడు ఆ సంగతి చెప్పనేలేదు, వాడికీ తెలియదేమో. ఆ రోజు తిండి సంగతి కూడా మర్చిపోయాను. స్కాన్లు ఉచితంగా దొరుకుతున్నాయిగా అంటారు, నేనూ రోజూ వాడతాను, కాకపోతే అట్టలు పీకిన బైండును స్కాన్ చేసిన చోట అవీ బోడిగానే ఉంటాయి.

మరి విడి సంచికలే కొనాలా అంటే, అదీ గట్టిగా చెప్పలేను. నా దగ్గరున్న వాటిలో సగం అట్ట వెన్ను దగ్గర విడిపోయింది, పిన్నుల తుప్పు కాగితాన్ని తినేసింది, పేజీ మూల పట్టుకుంటే చేతిలోకి వచ్చేస్తుంది. పాలిస్టర్ కవర్లలో పెట్టాక తీసి చదవాలంటే టెన్షన్. బైండువి ఒళ్ళో పెట్టుకుని హాయిగా చదువుతాను. వ్యాసాలే కావాల్సినవాళ్ళకు ఇప్పటికీ బైండే మేలు. నాకు ఆత్మల మీద నమ్మకం లేదు, వాటిని నమ్మినవాళ్ళు ఏం కొనుక్కున్నారన్నదే నా పిచ్చి, అందుకే నా లెక్క వేరు.

ఈ మధ్య ఇంకో సంపుటం కంటబడింది. కొనేముందు చివరి పది పేజీల ఫోటోలు పంపమని అమ్మేవాణ్ణి అడిగాను. వెన్ను ఫోటో పంపాడు, బంగారు అక్షరాలు బాగా మెరుస్తున్నాయట. మళ్ళీ అడిగాను.