చేతి వాపుకు కట్టు, స్లీవ్, గాలి పంపు: ఏది మేలు?

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని లింఫ్ గ్రంథులను (ఒంట్లోని ద్రవాన్ని వడగట్టే చిన్న గ్రంథులను) తొలగించిన తరువాత, లేదా అక్కడ రేడియేషన్ ఇచ్చిన తరువాత, కొందరికి నెలలకో ఏళ్లకో ఆ వైపు చేయి వాస్తుంది. మన ప్రాంతంలో చాలామంది దీన్ని బోదవ్యాధి అనుకుంటారు గాని, ఇందులో దోమల ప్రమేయం ఏమీ లేదు. గ్రంథులు పోయి, ద్రవం బయటికి వెళ్లే దారి దెబ్బతినడం వల్ల ద్రవం చేతిలోనే నిలిచిపోతుంది. కనుక ఫైలేరియా మాత్రలతో ఇది తగ్గదు. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలూ దీనికి చికిత్స కావు.

వాపు కనిపించగానే చాలామంది స్లీవ్, అంటే చేతిని నొక్కిపట్టే బిగుతైన తొడుగు, కొనడానికి సిద్ధమవుతారు. వాపు స్వల్పంగా ఉంటే అది సరిపోవచ్చు. బాగా ఉబ్బిన చేతికి మాత్రం ముందు కట్టే మేలు, ఎందుకంటే స్లీవ్ ప్రధానంగా తగ్గిన వాపును నిలబెడుతుందే తప్ప పెద్ద వాపును అంతగా తగ్గించలేదు. ఉబ్బి ఉన్నప్పుడు కొలతలిచ్చి తీసుకున్న స్లీవ్, చేయి తగ్గగానే వదులైపోతుంది. పెట్టిన డబ్బు వృథా.

కట్టు అంటే మందుల దుకాణంలో దొరికే క్రేప్ బ్యాండేజీ కాదు. అది బాగా సాగుతుంది కాబట్టి, కండరం పనిచేసేటప్పుడు దానికి తగినంత ఎదురు ఒత్తిడి ఇవ్వదు, విశ్రాంతిలో మాత్రం నొక్కుతూనే ఉంటుంది. దీనికి తక్కువ సాగే పట్టీలు కావాలి. లోపల మెత్తటి పొర వేసి, వేళ్ల నుంచి భుజం వైపుగా, అరచేతి దగ్గర ఎక్కువగానూ పైకి పోయేకొద్దీ తక్కువగానూ బిగువు ఉండేలా, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చుట్టాలి. సాధారణంగా ఇది రెండు నుంచి నాలుగు వారాల పని. మే నెల ఎండల్లో ఆ పొరల కింద చెమట, దురద తప్పవు. కట్టుతో వంటపనీ సాగదు. సగంలో మానేసేవారిని తప్పుపట్టలేము.

తగ్గిన చేతికి కొలతలు తీయించి పగటిపూట స్లీవ్ వేసుకోవాలి. పైఅంచు మడతపడితే అక్కడ దారం కట్టినట్టు బిగుస్తుంది. అరచేతి వెనుక ఉబ్బితే గ్లోవ్ కూడా అవసరం. రోజూ వాడితే సుమారు ఆరు నెలల్లో పట్టు సడలుతుంది కాబట్టి, ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

చేతికి తొడిగిన సంచిలో గాలి నింపుతూ వదులుతూ నొక్కే గాలి పంపును నేను మూడో స్థానంలోనే ఉంచుతాను. అది ద్రవాన్ని కదిలిస్తుంది గాని, తీసిన తరువాత స్లీవ్ లేకపోతే వాపు మళ్లీ వస్తుంది. గుండె వైఫల్యం ఉన్నవారు, రక్తనాళాల్లో గడ్డలున్నవారు వైద్యుని అనుమతి లేకుండా దాన్ని వాడరాదు. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఈ మూడింటినీ పక్కనపెట్టి, యాంటీబయాటిక్ కోసం ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి.