చేపల తగాదాలకు డివైడరా, నెట్ బాక్సా, తగిలించే డబ్బానా?

రెండడుగుల ట్యాంకు అంటే 24×12×12 అంగుళాలు. లెక్కకు 56 లీటర్లు పడుతుంది. కింద గులకరాళ్లు, పైన వదిలే రెండంగుళాల ఖాళీ తీసేస్తే చేపలకు 45 లీటర్లు కూడా మిగలవు. అందులో ఒక చేప ఒక మూలను తనదని పట్టుకుందంటే, తన్నులు తినే చేపకు పారిపోయే చోటే ఉండదు. గుండ్రంగా తిరిగి మళ్లీ దాని నోటి దగ్గరికే వస్తుంది. అలాంటప్పుడు షాపులో మన చేతిలో పెట్టేవి మూడు: జాలీ డివైడర్, నెట్ బాక్స్, ట్యాంకు అంచుకు బయటివైపు తగిలించే అక్రిలిక్ డబ్బా.

డివైడర్ అంటే చిల్లులున్న ప్లాస్టిక్ పలక, అంచులకు అద్దానికి అతుక్కునే సక్షన్ కప్పులు. పెట్టిన రోజు బ్రహ్మాండంగా నిలబడుతుంది. పది పదిహేను రోజులకు కప్పు కింద అద్దం మీద పాచి జిగురు చేరి పట్టు సడలుతుంది. ఫిల్టర్ ఉన్నవైపు నుంచి నీటి తోపుడు తగిలి పలక మధ్యలో విల్లులా వంగుతుంది. అంతే, పక్కన వేలు దూరేంత సందు. గౌరామి లాంటి పలచటి చేపకు ఆ సందు చాలు, పక్కకు ఒరిగి జారిపోతుంది. అడుగు అంచును గులకరాళ్లలో కనీసం ఒక అంగుళం దింపాలి, పై అంచు నీటిమట్టం కంటే పైకి ఉండాలి. పైన మూత లేకపోతే ఇంత కష్టమూ వృథా, ఎగిరి దూకుతాయి.

కొన్న డివైడర్ కంటే చేసుకున్నదే గట్టి. ఆఫీసు ఫైళ్లకు కాగితాలు పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కదా, అలాంటివి రెండు తీసుకుని ట్యాంకు ఎత్తుకు కోసి, ఎదురెదురు అద్దాలకు సిలికాన్‌తో అతికించి, వాటి గాడిలో జాలీ పలక దింపితే కప్పుల గొడవే ఉండదు. ఖాళీ ట్యాంకులో, ఆరిన అద్దం మీదే అతకాలి. బాత్రూముల కోసం అమ్మే, బూజు పట్టని రకం సిలికాన్ వద్దు. అందులో కలిపే మందు చేపలకు విషం. అక్వేరియం సిలికాన్ పూసి రెండు రోజులు ఆరనిచ్చి, వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయాకే నీళ్లు పోయాలి.

రెండు మగ ఫైటర్ (బెట్టా) చేపల మధ్య మాత్రం పారదర్శకమైన పలక పెట్టకండి. అవి పొద్దస్తమానం ఒకదాన్నొకటి చూసుకుంటూ మొప్పలు విప్పి నీరసించిపోతాయి. అవతల ఏముందో కనబడని పలక కావాలి. నీళ్లు రెండువైపులా తిరగడానికి చిల్లులు తప్పవు కాబట్టి, వాటిని అడుగున, పైన మాత్రమే ఉంచి మధ్య భాగం మూసెయ్యాలి. ఫిల్టర్ ఒకవైపే ఉంటే రెండోవైపుకు చిన్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టాలి, లేకపోతే అటువైపు మిగిలిన మేత కుళ్లి చేపలకు విషమైన అమోనియా పేరుకుంటుంది.

నెట్ బాక్స్ మూడింటిలోకీ చౌక, ఈ పనికి మూడింటిలోకీ అధ్వానం. పిల్లచేపల కోసం జాలీ గుడ్డతో చేసిన పెట్టె అది. గుడ్డ పలచన కాబట్టి, లోపలి చేప తోకో రెక్కో జాలీకి ఆనినప్పుడు బయటి చేప అక్కడే కొరుకుతుంది. పైగా రెండు వారాల్లో పాచి పట్టి జాలీ కన్నాలు మూసుకుపోతాయి, లోపలి నీళ్లు కదలవు. గప్పీ పిల్లలకు సరే. తగాదాకు వద్దు.

ఇక తగిలించే డబ్బా. నీళ్లు ఒకటిన్నర, రెండు లీటర్ల లోపే పడతాయి. ఎయిర్ పంపు గాలి ట్యాంకు నీళ్లను పైకి ఎత్తి డబ్బాలో పోస్తుంది, ఇంకో వైపు నుంచి అవి తిరిగి ట్యాంకులో పడతాయి. నీళ్లు అవే కాబట్టి చేపకు వేడిలో గానీ గుణంలో గానీ పెద్దగా మార్పు ఉండదు. రెండు, రెండున్నర అంగుళాల చేప వరకు ఇదే మేలు. నాలుగంగుళాల ఏంజెల్ చేపను ఇందులో కుక్కడం హింస. కొనేముందు కొక్కెం మీ అద్దం మందానికి పడుతుందో లేదో చూడండి. అంచుకు ప్లాస్టిక్ చట్రమున్న ట్యాంకులకు చాలావాటి కొక్కెం పట్టదు. ఎయిర్ ట్యూబుకు నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి, పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంపులోకి దిగుతాయి. కరెంటు పోతే డబ్బాలో ప్రవాహమూ ఆగిపోతుందని మరవొద్దు. గంటలకొద్దీ కోతలుండే ఊళ్లో బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర పెట్టుకోవాలి.

అసలు పొరపాటు వస్తువులో లేదు, దాన్ని వాడే తీరులో ఉంది. దెబ్బలు తిన్న చేపను జాలిపడి డబ్బాలో వేస్తారు. కొట్టే చేపకు ట్యాంకంతా మిగులుతుంది, దాని పట్టు ఇంకా బిగుస్తుంది. వేయాల్సింది కొట్టేదాన్ని. అది ఐదు నుంచి ఏడు రోజులు డబ్బాలో ఉండాలి. అదే రోజు ట్యాంకులో రాళ్లు, కర్రలు, మొక్కల స్థానాలు మార్చేసి, 25 శాతం నీళ్లు మార్చండి. హద్దు గుర్తులు చెరిగిపోతాయి, మిగతా చేపలు కొత్త మూలలు పట్టుకుంటాయి. వారం తర్వాత, మిగతావాటికి మేత పెట్టి, లైటు ఆర్పేశాక దాన్ని వదలాలి. మర్నాడు పొద్దున చూడండి: కాస్త తరిమి వదిలేస్తుంటే పర్వాలేదు. ఏదైనా చేప రెక్కలు ముడుచుకుని పైమూలలో హీటర్ వెనక నిలబడినా, పొలుసులు ఊడినా లెక్క తేలినట్టే. ఇంకోసారి డబ్బాలో వేసి లాభం లేదు, ఆ కొట్టే చేపను షాపుకు తిరిగి ఇచ్చేయాలి.

ఏ డబ్బా పనిచేయని కేసులూ ఉన్నాయి. మూడు టైగర్ బార్బ్‌లు ఏంజెల్ రెక్కలు కొరుకుతుంటే ఒకదాన్ని వేరుచేసినా మిగతా రెండు కొరుకుతూనే ఉంటాయి. గుంపులో ఎనిమిది ఉంటే తమలో తామే కొట్లాడుకుంటూ కాలం గడుపుతాయి, అయినా పొడుగు రెక్కల చేపతో కలిపి పెట్టకూడదు. షాపులో రంగులద్దిన విడో టెట్రాలదీ ఇదే అలవాటు. మోలీ, గప్పీల్లో గొడవ మగవి ఆడవాటి వెంటబడటమే. ఒక మగకు రెండు మూడు ఆడవి ఉంటే ఒక్కదాని మీదే ఒత్తిడి పడదు. గుడ్లు పెట్టిన కాన్విక్ట్ చేపల జంట ఉంటే రెండడుగుల ట్యాంకు అంతా వాటిదే, అప్పుడు తీయాల్సింది మిగతా చేపలను. పక్కన ఇంకో చేపను సహించని ఫ్లవర్‌హార్న్‌కైతే డివైడర్ కొనే ముందు ఇంకో ట్యాంకు కొనండి.